ట్యూరింగ్ వాళ్ళన్నయ్య

కంప్యూటర్ సైన్సు చదివినవాళ్ళలో ట్యూరింగ్ పేరు విననివాళ్ళుండరు. మాకు మూడో సంవత్సరం ఆటోమాటా థియరీ పేపర్లో "ట్యూరింగ్ మెషీన్" అని ఒక చాప్టరుండేది. పదహారు మార్కుల ప్రశ్న గ్యారంటీ అని సీనియర్లు చెప్తే టేపూ, హెడ్డూ బొమ్మగీసి, ట్రాన్సిషన్ టేబుల్ బట్టీపట్టి గట్టెక్కాం. ఆ మెషీన్ ఊహించిన మనిషెవరో, ఎలా పెరిగాడో, ఎలా పోయాడో మా లెక్చరరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రాజ్ రెడ్డి గారికి 1994లో ట్యూరింగ్ అవార్డు వచ్చిందని మాత్రం అందరం గర్వంగా చెప్పుకునేవాళ్ళం (అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన మనిషి మరి!).

2014లో వచ్చిన "ది ఇమిటేషన్ గేమ్" సినిమా పుణ్యమా అని ఆయన కథ ఇప్పుడు చాలామందికి తెలుసు. నేను మాత్రం ఈ మధ్యే, ఆండ్రూ హాడ్జెస్ 1983లో రాసిన జీవితచరిత్ర చదివాను. తలగడంత లావు పుస్తకం. ఎనిగ్మా కోడు ఎలా విప్పారో చూద్దామని మొదలుపెట్టి, ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక పాత్ర దగ్గర ఆగిపోయాను. అలన్ ట్యూరింగ్ వాళ్ళన్నయ్య, జాన్. సినిమాలో ఈయన ఊసే లేదు. ఎందుకు ఆగిపోయానో చివర్లో చెప్తాను. ముందు కథ.

మనకి సంబంధించిన సంగతితో మొదలెడతా. ట్యూరింగ్ తండ్రి జూలియస్ ఐసీఎస్ ఆఫీసరు. 1896లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాడు. 1907లో పెళ్ళి చేసుకుని, భార్య సారాతో తిరిగొచ్చాక ఆయనకి పడిన ట్రాన్స్‌ఫర్ల జాబితా చూడండి: పార్వతీపురం, విశాఖపట్నం, అనంతపురం, బెజవాడ, చికాకోల్ (మన శ్రీకాకుళమే), కర్నూలు, చివరికి 1911 మార్చిలో ఛత్రపురం. మా అమ్మమ్మగారి ఊరు పార్వతీపురానికి దగ్గరే. ఆ పేరు ఆ పుస్తకంలో కనపడేసరికి పేజీ తిప్పడం మానేసి కాసేపలా చూస్తుండిపోయా. ఛత్రపురం గంజాం జిల్లాలోది. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అదీ మద్రాసు ప్రెసిడెన్సీయే. 1911 చివర్లో సారా అక్కడ ఉండగానే నెల తప్పింది. కాన్పుకి ఇంగ్లండు వెళ్ళారు. 1912 జూన్ 23న లండన్‌లో అలన్ పుట్టాడు.

సారాది కూడా మద్రాసు ప్రెసిడెన్సీ కుటుంబమే. ఆవిడ పుట్టింది కోయంబత్తూరు దగ్గర పోదనూరులో, 1881లో. ఆవిడ తండ్రి స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. తుంగభద్ర మీద వంతెన కట్టించాడు, చప్పుడు చెయ్యని పంకా చక్రం ఒకటి కనిపెట్టి పేటెంటు కూడా తీసుకున్నాడు. ఆయన మనవడు కంప్యూటర్లకి పునాది వెయ్యడంలో వింతేమీ లేదనిపిస్తుంది.

ఇక పెంపకం దగ్గరికొద్దాం. 1913 మార్చిలో జూలియస్ మద్రాసు తిరిగొచ్చేశాడు. సెప్టెంబర్లో సారా కూడా. పిల్లలిద్దర్నీ ఇంగ్లండులో సముద్రం ఒడ్డున ఉన్న సెయింట్ లెనర్డ్స్ అనే ఊళ్ళో, వార్డ్ అనే రిటైరయిన కల్నల్ దంపతుల ఇంట్లో పెట్టారు. అప్పటికి జాన్‌కి ఐదేళ్ళు. అలన్‌కి పదిహేను నెలలు. ఇక్కడి ఎండలు, జబ్బులు పిల్లలకి పడవని ఆనాటి దొరల కుటుంబాల్లో చాలామంది చేసిన పనే ఇది. అమ్మ కొన్నేళ్ళు వచ్చి ఉండేది, మళ్ళీ వెళ్ళేది. ప్రెప్ స్కూల్లో చేర్పించి తల్లిదండ్రులు బయల్దేరిన రోజున, అలన్ రెండు చేతులూ చాపుకుని వాళ్ళ టాక్సీ వెనకాల పరిగెత్తాడట. తండ్రి ఉద్యోగం మానేసేటప్పటికి 1924 వచ్చింది, అలన్‌కి పన్నెండేళ్ళు.

ఇందులో ఎవర్నీ దుర్మార్గుల్ని చెయ్యలేం. సారాని కూడా చిన్నతనంలో ఇలాగే ఐర్లండులో బంధువుల ఇంటికి పంపేశారు. తను ఎలా పెరిగిందో పిల్లల్నీ అలాగే పెంచింది. పదో తరగతి అవగానే పిల్లల్ని పెట్టే బేడాతో సహా రెసిడెన్షియల్ కాలేజీలో దించి వచ్చే మనవాళ్ళకి ఇది కొత్తగా ఏం అనిపించదు. నేనూ అలా పెరిగినవాణ్ణే. ఆదివారం ఫోన్లో "బాగా చదువుతున్నావా, తింటున్నావా" అన్న రెండు ప్రశ్నలూ, "ఆఁ, ఆఁ" అన్న రెండు జవాబులూ. లోపల ఏదైనా నలుగుతుంటే చెప్పుకోడానికి ఆ మూడు నిమిషాల్లో చోటెక్కడిది?

అలన్ 1926లో షెర్బోర్న్ స్కూల్లో చేరాడు. కొత్త టర్ము మొదలయ్యే నాటికి దేశమంతా సమ్మె, రైళ్ళు లేవు. పదమూడేళ్ళ కుర్రాడు సౌతాంప్టన్ నుంచి దాదాపు అరవై మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వెళ్ళాడు. అంత మొండివాడు. స్నేహితులు తక్కువ. చేతిరాత కోతిగీతలు. ఒట్టి సైన్సు మనిషే అయ్యేట్టయితే ఇలాంటి స్కూల్లో ఉండి టైము వృథా అని హెడ్మాస్టరు ఇంటికి రాసి పంపాడు.

అక్కడ దొరికాడు క్రిస్టఫర్ మార్కమ్. అలన్ కన్నా ఒక ఏడాది పెద్ద. లెక్కల్లో, ఖగోళంలో ఇద్దరికీ సమానంగా పిచ్చి. అలన్‌కి అది మామూలు స్నేహం కాదు. మొదటి ప్రేమ. దానికేం పేరు పెట్టాలో చెప్పేవాళ్ళు ఆ స్కూల్లో లేరు, ఇంట్లో అంతకన్నా లేరు. 1929 డిసెంబర్లో ఇద్దరూ కలిసి కేంబ్రిడ్జి స్కాలర్‌షిప్పు పరీక్షకి వెళ్ళారు. క్రిస్టఫర్‌కి వచ్చింది, అలన్‌కి రాలేదు. రెండు నెలలు తిరక్కుండానే, 1930 ఫిబ్రవరి 13న క్రిస్టఫర్ చనిపోయాడు. చిన్నప్పుడెప్పుడో జబ్బు ఆవు పాలు తాగడం వల్ల అంటుకున్న క్షయ.

పదిహేడేళ్ళ కుర్రాడికి ఆ దుఃఖం ఎవరి దగ్గర పెట్టుకోవాలో తెలీదు. స్నేహితుడు పోతే ఏడవచ్చు, కానీ పోయింది స్నేహితుడు ఒక్కడే కాదని ఎవరితో అంటాడు? అతనికి దొరికిన మనిషి క్రిస్టఫర్ వాళ్ళమ్మ. ఆవిడకి ఉత్తరాలు రాశాడు. క్రిస్టఫర్ ఫోటో ఒకటి అడిగి తెప్పించుకుని బల్ల మీద పెట్టుకున్నాడు. వాళ్ళింటికి వెళ్ళి ఉన్నాడు. మనిషి పోయాక మనసు ఎక్కడికి పోతుంది, మెదడు ఆగితే ఆత్మ ఏమవుతుంది అని ఆవిడకో చిన్న వ్యాసం కూడా రాసి పంపాడు. ఆ ఉత్తరాలు కొన్నేళ్ళు నడిచాయి. కొడుకు పేరిట ఆ కుటుంబం స్కూల్లో పెట్టిన సైన్సు బహుమతి మొదట గెలుచుకున్నది అలనే. ఆవిడకి అంతా అర్థమయిందా, సగం అర్థమయిందా అన్నది పక్కన పెట్టండి. తలుపు వెయ్యలేదు, అంతే. ఒక్కోసారి అది చాలు. (సినిమాలో ఆయన తన యంత్రానికి "క్రిస్టఫర్" అని పేరు పెట్టుకున్నట్టు చూపిస్తారు. అది కల్పన. ఆ యంత్రాల్ని బాంబ్ అనేవాళ్ళు.)

తర్వాతి భాగం మీకు తెలిసిందే, త్వరగా చెప్పేస్తా. 1931లో కేంబ్రిడ్జి, 22 ఏళ్ళకే ఫెలోషిప్పు, 1936లో మనందరి అన్నం గిన్నె లాంటి ఆ పేపరు, ప్రిన్స్‌టన్‌లో 1938లో పీహెచ్‌డీ, 1939 సెప్టెంబరులో యుద్ధం మొదలవగానే బ్లెచ్లీ పార్కు. 1941లో సహోద్యోగి జోన్ క్లార్క్‌తో పెళ్ళి నిశ్చయమైంది. మాటయిన కొద్దిరోజులకే తన సంగతి ఆవిడకి చెప్పేశాడు. ఆవిడ బెదిరిపోలేదు. కానీ కొన్ని నెలలాగి తనే వద్దనుకున్నాడు. ఆ కాలంలో పెళ్ళి చాటున దాక్కుని బతికేసిన మగాళ్ళు బోలెడుమంది. ఆయన ఒక అమ్మాయి జీవితం అలా వాడుకోలేదు. కోడు విప్పడం కన్నా నాకు ఇది పెద్ద పనిగా కనిపిస్తుంది.

1952 జనవరి. ట్యూరింగ్ అప్పటికి మాంచెస్టర్‌లో ఉద్యోగం, రాయల్ సొసైటీ ఫెలో. ఇంట్లో దొంగతనం జరిగింది. అప్పటికి కొద్ది వారాల ముందు పరిచయమైన ఒక కుర్రాడి తాలూకు మనిషి చేసిన పని. పోలీసులకి ఫిర్యాదు చేశాడు. వాళ్ళు దొంగని వదిలి ఈ కుర్రాడికీ నీకూ ఏంటి సంబంధం అని అడిగారు. దాచకుండా చెప్పేశాడు. తను చేసిన దాంట్లో తప్పేమీ లేదన్నట్టు ఆయన మాట్లాడుతుంటే పోలీసులకే వింతగా అనిపించింది. 1885 నాటి చట్టం, ఆస్కార్ వైల్డ్‌ని 1895లో జైలుకి పంపిన అదే సెక్షన్, ట్యూరింగ్ మీద పెట్టారు.

ఇంక ఇంట్లో చెప్పక తప్పదు. తండ్రి 1947లోనే పోయాడు. ముందు అన్నకి ఉత్తరం రాశాడు. నేను ఇలాంటివాణ్ణి, బహుశా నీకు తెలిసే ఉంటుంది అన్న ధోరణిలో మొదలవుతుంది అది. జాన్‌కి తెలీదు. ఒక ఇంట్లో పెరిగారు, ఒకరి పక్కన ఒకరు పెరిగారు, ఇద్దర్నీ ఒకే రోజుల్లో అమ్మానాన్నా వదిలి వెళ్ళారు. తమ్ముడికి ముప్ఫై తొమ్మిదేళ్ళొచ్చేదాకా అన్నకి ఈ ముక్క తెలీదు!

జాన్ లాయరు. ఉత్తరం చదివి ఆలస్యం చెయ్యలేదు, మాంచెస్టర్ రైలెక్కాడు. పెద్ద లాయర్లతో మాట్లాడాడు. చివరికి తేలిన సలహా: నేరం ఒప్పేసుకో, గొడవ పెద్దది కాకుండా ముగించు. లాయరుగా చూస్తే అది తప్పుడు సలహా కాదు. పోలీసులకి అలన్ అంతా రాసిచ్చేశాడు, వాదించడానికి మిగిలిందేం లేదు. అన్నగా జాన్ చెయ్యగలిగిందంతా చేశాడు. కానీ తమ్ముడి బతుకు ఏంటో అర్థం చేసుకుందామన్న ఆసక్తి ఆయనకి లేదు. ఆ సంగతంటేనే ఏవగింపు. కేసు ముగిస్తే చాలనుకున్నాడు.

గిల్డ్‌ఫర్డ్‌లో ఉన్న అమ్మకి అలన్ తనే వెళ్ళి చెప్పాడు. ఆవిడకి ఎంత అర్థమయిందో గానీ కొడుకుని వదులుకోలేదు. రాకపోకలు సాగాయి. 1952 మార్చి 31న కోర్టు. జైలుకి బదులు, ఏడాది పాటు ఆడ హార్మోను ఎక్కించుకోవాలన్న షరతు. శరీరం మారింది. రక్షణ రహస్యాల పనికి ఉన్న క్లియరెన్సు పోయింది. 1954 జూన్ 7న సయనైడుతో చనిపోయాడు. నలభై రెండు నిండటానికి పదహారు రోజులు తక్కువ. మంచం పక్కన సగం కొరికిన యాపిల్ ఉంది. (యాపిల్ కంపెనీ లోగో ఇందుకే అన్న ఫార్వర్డు మెయిల్ మీకూ వచ్చే ఉంటుంది. ఆ లోగో గీసిన డిజైనరే కాదని చెప్పాడు.) విచారణలో ఆత్మహత్య అని తేల్చారు. ఇంట్లో రసాయనాలతో ప్రయోగాలు చేసుకునేవాడు కాబట్టి ప్రమాదవశాత్తూ జరిగిందని తల్లి చివరిదాకా నమ్మింది.

ఆ తల్లి 1959లో కొడుకు మీద ఒక పుస్తకం రాసింది. డెబ్భై ఏళ్ళు దాటిన మనిషి, గణితం తెలియని మనిషి, ఉత్తరాలన్నీ కూడగట్టి రాసింది. అందులో రెండు పెద్ద ఖాళీలున్నాయి. ఒకటి, యుద్ధంలో కొడుకు చేసిన పని. అది ప్రభుత్వ రహస్యం, ఆవిడకీ తెలీదు. రెండు, 1952 కేసు. అది ఆవిడకి తెలుసు. ఒక్క మాట లేదు. ప్రభుత్వం తన రహస్యాన్ని 1970ల్లో బయటపెట్టడం మొదలెట్టింది. ఇంటి రహస్యం అందరికీ పూర్తిగా తెలియడానికి హాడ్జెస్ పుస్తకం దాకా, 1983 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ పుస్తకం రాసినతను గణితం మనిషి, తనూ గే. బయటివాడు. ప్రభుత్వం కన్నా ఇల్లే ఎక్కువ కాలం దాచింది.

ఇప్పుడు మళ్ళీ మన వైపు. అదే దొరలు 1860లో మనకో శిక్షాస్మృతి రాసిపెట్టారు, 1862 నుంచి అమలు. అందులో 377 సెక్షన్. పార్వతీపురంలో, బెజవాడలో, కర్నూల్లో జూలియస్ పనిచేసిన రోజుల్లో నడిచింది ఆ శిక్షాస్మృతే. జిల్లాల్లో ఐసీఎస్ ఆఫీసర్లకి మేజిస్ట్రేటు అధికారాలూ ఉండేవి. తను ఏ చట్టాల యంత్రాంగంలో ఉద్యోగం చేశాడో, అలాంటి చట్టమే తన కొడుకు మీదకి వస్తుందని ఆయన ఊహించి ఉండడు.

తారీఖులు పక్కపక్కన పెట్టి చూస్తే చిత్రంగా ఉంటుంది. 2009 జులై 2న ఢిల్లీ హైకోర్టు, ఇష్టపడి కలిసే పెద్దవాళ్ళకి 377 వర్తించదంది. రెండు నెలలకి, సెప్టెంబరు 10న బ్రిటన్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ట్యూరింగ్‌కి క్షమాపణ చెప్పాడు. (ఆ పిటిషన్ మొదలెట్టింది జాన్ గ్రాహం-కమింగ్ అనే ప్రోగ్రామరు. 30 వేల పైచిలుకు సంతకాలు పడ్డాయి. మనవాళ్ళు తలుచుకుంటే పనులవుతాయి.) 2013 డిసెంబరు 11న మన సుప్రీంకోర్టు ఢిల్లీ తీర్పుని కొట్టేసి 377ని మళ్ళీ నిలబెట్టింది. సరిగ్గా పదమూడు రోజులకి, డిసెంబరు 24న, బ్రిటన్ రాణి ట్యూరింగ్‌కి క్షమాభిక్ష ఇచ్చింది. చట్టం మనకి ఇచ్చినవాళ్ళు వదిలించుకుంటుంటే మనం మళ్ళీ ఎత్తుకున్నాం. 2018 సెప్టెంబరు 6 దాకా దించలేదు. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయసంహితలో ఆ సెక్షనే లేదు. అటు ట్యూరింగ్ బొమ్మ 2021 జూన్ 23న, ఆయన పుట్టినరోజునే, 50 పౌండ్ల నోటు మీదకెక్కింది.

అదే నెల మొదట్లో జరిగింది మాత్రం మనవాళ్ళలో ఎక్కువమందికి తెలీదు. మదురైలో ఇళ్ళు వదిలి చెన్నై పారిపోయిన ఇద్దరు అమ్మాయిలు, ఇంట్లోవాళ్ళ నుంచీ పోలీసుల నుంచీ కాపాడమని మద్రాసు హైకోర్టుకెళ్ళారు. జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఈ విషయం నాకు సరిగ్గా తెలియదు అని ఒప్పుకుని, తను కూడా ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాడు. ఆ తర్వాత, ఇలాంటి పిల్లల్ని "మార్చే" వైద్యం చెయ్యకూడదని ఆదేశమిచ్చాడు. 2022లో జాతీయ వైద్య కమిషన్ కూడా అలాంటి వైద్యాన్ని డాక్టర్ల దుష్ప్రవర్తనగా లెక్కగట్టింది. హైకోర్టు ఆదేశం తారీఖు 2021 జూన్ 7. ట్యూరింగ్ పోయి సరిగ్గా 67 ఏళ్ళు. కావాలని ఎంచుకున్న రోజు కాదనుకుంటా. కానీ నాకు మాత్రం ఆ జడ్జి చేసిన పనే ఈ కథంతటిలో అన్నిటికన్నా అవసరమైనదిగా కనపడింది. తెలీదని ఒప్పుకోవడం, అడగడం.

ఇప్పుడు నా సంగతి. మా బాబాయి కొడుకు నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నా సైకిలు క్యారేజీ మీద కూర్చుని ఊరంతా తిరిగినవాడు. 2011 సంక్రాంతికి ఇంట్లో వాడికి సంబంధాలు చూస్తున్నారు. రాత్రి డాబా మీద నాతో అన్నాడు, "అన్నయ్యా, నాకు అమ్మాయిల మీద అలాంటి ఇష్టం లేదు. ఇంటర్లో ఉన్నప్పట్నుంచీ తెలుసు. నాన్నతో నువ్వు చెప్తే వింటారు."

నేనడిగిన మొదటి ప్రశ్న: "ఇంకెవరికైనా చెప్పావా?"

తర్వాత చాలా తెలివిగా మాట్లాడానని అప్పట్లో అనుకున్నా. హైకోర్టు తీర్పు వచ్చింది కదా, కేసులేం ఉండవు అన్నా. బాబాయికి బీపీ, ఇప్పుడు చెప్పకు అన్నా. పెళ్ళయ్యాక సర్దుకుంటుందేమో అన్నా. నాకు తెలిసిన డాక్టరున్నాడు, ఓసారి కలుద్దాం అన్నా. ప్రొడక్షన్‌లో ఇష్యూ వస్తే కారణం చూడకుండా వర్కెరౌండు ఇచ్చి టికెట్ మూసేస్తాం చూశారా, అలా. వాడు ఇంటర్ నుంచీ ఎనిమిదేళ్ళు ఒక్కడే ఎలా మోశాడో అడగాలని తోచలేదు. వాడు "సరే అన్నయ్యా" అని కిందికి వెళ్ళిపోయాడు.

ఆర్నెల్లకి ఇంట్లో తనే చెప్పేశాడు. పెళ్ళి మాత్రం చేసుకోనన్నాడు. బాబాయి రెండేళ్ళు మాట్లాడలేదు. వాడు వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకున్నాడు. చెల్లెలి పెళ్ళికి చుట్టంలా వచ్చి, భోజనం చేసి, గ్రూపు ఫోటో తియ్యకముందే వెళ్ళిపోయాడు. ఆ ఫోటో బాబాయి వాళ్ళింట్లో హాల్లో ఉంది. సారా పుస్తకంలో లేని పేజీల గురించి చదువుతుంటే నాకు ఆ ఫోటోయే కళ్ళలో మెదిలింది.

కోర్టులు ఒక చట్టాన్ని తీసెయ్యడానికి మన దేశంలో 150 ఏళ్ళ పైన పట్టింది. ఇంట్లో అలాంటి చట్టం ఏదీ రాసిలేదు, కొట్టెయ్యడానికి. అందుకే ఇది మన చేతిలో ఉన్న పని. మనలో చాలామందిమి ఇప్పుడు అన్నలం, బాబాయిలం, మేనమామలం. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు మన దగ్గరికొచ్చి ఇలాంటిదే చెప్తారు. ఆ రోజున ఏం సలహా ఇవ్వాలా అని కంగారు పడకండి. "ఎప్పట్నుంచి నీలో నువ్వే ఉంచుకున్నావురా?" అని అడిగి, వినండి. నేను చెయ్యలేదు కాబట్టి చెప్తున్నా.

పుస్తకం పూర్తయ్యాక వాడికి ఫోన్ చేశా. ఆ రాత్రి డాబా మీద నేను మాట్లాడింది తప్పు అని చెప్పా. అవతల కాసేపు మాట లేదు. "అయిపోయిందిలే అన్నయ్యా" అన్నాడు. తర్వాత మా ఊళ్ళో వానలు పడుతున్నాయా అని అడిగాడు. పడుతున్నాయన్నాను. ఇది రాసి ముందు వాడికే పంపా. రెండు మూడు చోట్ల వివరాలు మార్చమన్నాడు, మార్చాను. డాబా మీది మాటలు మాత్రం అలాగే ఉంచమన్నాడు.